బళ్ళారి జిల్లాలో ఒకే ఒక్క ఇంగ్లీషు బడి

"మాస్టారూ, మావాడికి తెలుగు మాన్పించి, ఆ గంట కూడా ఇంగ్లీషే చెప్పిస్తే కాదా?"

ఏటా బడులు తెరిచే వేళ నాకు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగిన తండ్రిని నేను తప్పుపట్టను. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, రేపటి ఉద్యోగానికి ఇంగ్లీషు. ఇంత బరువు ఒక్క పసివాడి వీపున పడుతున్నదని ఆయన దిగులు. అయితే ఈ ప్రశ్నకు సమాధానం కొంత మన ప్రాంతపు చరిత్రలోనే ఉన్నది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, రాజధానిలోని దేశీయ పాఠశాలల లెక్కలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో తన నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో నిఘంటువును ప్రకటించిన పండితుడాయన. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. ఆ లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కన్నడ బడులు 235, తెలుగు 226, సంస్కృత విద్యకు 23, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటే!

ఈ అంకెలు చూసి "ఆహా, ఎంత స్వర్ణయుగం" అని మురిసిపోవడానికి వీలులేదు. పిల్లలు పద్యాలెన్నో అప్పజెపుతారు గాని, వాటి అర్థం చిలుకకు తెలిసినంతే వారికీ తెలుసునని కాంబెల్ విచారించాడు. కావ్యభాష వేరు, ఇంటిభాష వేరు కావడమే అందుకు కారణమని గుర్తించాడు.

దాదాపు అదే కాలంలో మన తెలుగువాడొకరు ఈ మాటే మరోవిధంగా చెప్పారు. ఆయన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839). తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ, పారసీ, ఇంగ్లీషు నేర్చి, మద్రాసు సదరు న్యాయస్థానంలో అనువాదకుడైన ఘనుడు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న స్వీయచరిత్ర మరణానంతరం 1873లో అచ్చయింది. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా 1820లో బడుల స్థితిపై నివేదిక సమర్పిస్తూ, అర్థజ్ఞానం లేకుండా ఉచ్చారణను, కంఠపాఠాన్ని మాత్రమే నేర్పే పద్ధతిని ఆయన విమర్శించారు. ఇంగ్లీషులో అంతటి ప్రజ్ఞ సంపాదించినవాడు చెప్పిన మాట గనుక అది మనకు విలువైనది.

తరువాత కాలం మారింది. 1835లో మెకాలే మినిట్, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇంగ్లీషు వచ్చినవాడికే కొలువు అన్న నమ్మకం స్థిరపడింది. బడిలో భాష మారింది గాని చిలుకపలుకు మారలేదు. నిన్నటి పద్యం స్థానంలో నేడు ఇంగ్లీషు వ్యాసం వచ్చి కూర్చున్నది.

ఇందుకు నేనే సాక్షిని. చిన్నతనంలో ఆవు మీద ఇంగ్లీషు వ్యాసం తడుముకోకుండా ఒప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. తనిఖీకి వచ్చిన అధికారి అదే భాషలో, "మీ ఇంటి ఆవు రంగేమిటి?" అని అడిగారు. మా ఇంట్లో ఎర్రావు ఉన్నది. అది నాకు తెలుసు. కాని ఆ ప్రశ్నే అర్థం కాలేదు. మళ్ళీ మొదటి వాక్యం నుంచి వ్యాసం అందుకున్నాను. ఆ నాటి నవ్వులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ఈ వ్యాధికి మందు వెదికిన కథ పర్లాకిమిడిలో ఉన్నది. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకోబోయి తికమకపడ్డాడు. పుస్తకంలోని తెలుగు జనం నోట వినబడదేమని అడిగాడు. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. సవరల భాషను వారి నోట విని నేర్చుకున్న అనుభవం ఆయనకున్నది. జీవద్భాషతో మొదలుపెట్టిన చదువే మనసుకు పడుతుందని ఆయన జీవితమంతా వాదించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరవలసివచ్చింది. సరిహద్దు గీత మనిషికి ఏమి చేస్తుందో 1953లో మైసూరు రాష్ట్రంలో చేరిన బళ్ళారివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక నేటి తరగతి గదికి వద్దాము. ఇంగ్లీషు నేర్చే మన పిల్లలు అడిగే ప్రశ్నలు చాలావరకు తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడు సులువుగా తీర్చగలిగినవే.

"నైఫ్ అని పలుకుతాం కదా, ముందు కె ఎందుకు సార్?" ఒకప్పుడు ఆంగ్లేయులు దానిని పలికేవారు. కాలక్రమాన ఆ ధ్వని పోయింది, అక్షరం మిగిలింది. మన అరసున్న సంగతీ అంతే కదా! "వాఁడు" అని పాత పుస్తకంలో చూపించి చెప్పండి, ఇక మరచిపోరు.

"క్రియ వాక్యం మధ్యలోకి ఎందుకొచ్చింది?" మన వాక్యంలో "రాముడు పండు తిన్నాడు" అన్నా, "పండు రాముడు తిన్నాడు" అన్నా తిన్నవాడు రాముడే. ప్రత్యయాలూ క్రియారూపమూ మనకు దారి చూపుతాయి. ఇంగ్లీషులో నామవాచకాలకు ఆ ఆధారం లేదు గనుక, ఎవరి చోటు వారు కదలకూడదు. విభక్తులు తెలిసిన పిల్లవాడికి ఈ తేడా ఒక్క పూటలో బోధపడుతుంది.

"నువ్వు రాలేదా?" అంటే తెలుగులో "అవును, రాలేదు" అంటాము. ఇంగ్లీషులో అక్కడ "నో" అనాలి. మనం అడిగినవారి మాటతో ఏకీభవిస్తాము. వారు జరిగినదానిని బట్టి అవుననో కాదనో అంటారు. ఇది పిల్లవాడి తెలివితక్కువతనం కాదు, రెండు భాషల నడకలోని భేదం. దానిని తప్పని కొట్టేసి ఊరుకుంటే పిల్లవాడు నోరు విప్పడమే మానేస్తాడు.

కనుక ఆ తండ్రికి నేను చెప్పే సమాధానం ఇది. "అయ్యా, ఇంగ్లీషు అవసరమే, కాదనను. కాని పోల్చి చూసుకోవడానికి సొంత భాష లేని పిల్లవాడు కొత్త భాషను మోస్తాడే గాని అర్థం చేసుకోడు. తెలుగు గంట తీసివేస్తే ఇంగ్లీషుకు వేళ పెరుగుతుందేమో గాని, కాలు మోపే నేల తగ్గుతుంది."

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇంగ్లీషు పాఠం ముగిశాక అయిదు నిమిషాలు కేటాయించి, అదే సంగతిని పిల్లల చేత వారి సొంత తెలుగులో చెప్పించండి. బళ్ళారి యాసైనా, హోసూరు యాసైనా, పర్లాకిమిడి యాసైనా సరే, దిద్దకుండా వినండి. చెప్పగలిగితే పాఠం అర్థమయినట్లు. చెప్పలేకపోతే 1823 నాటి చిలుక ఇంకా మన తరగతిలోనే ఉన్నట్లు.