మిర్చికి లేని రేవు

గుంటూరు మిర్చి చాలా దేశాల వంటిళ్లకి తెలుసు. గుంటూరు రేవు అన్న మాట మాత్రం మనమెవరం విని ఉండం. తీరం లేక కాదు. నిజాంపట్నం, వాడరేవు, మోటుపల్లి, కొత్తపట్నం అంటూ సముద్రం పక్కనే ఊళ్లున్నాయి. అయినా ఇక్కడి పత్తీ మిర్చీ ఓడెక్కాలంటే వేరే ఊరు పోవాల్సిందే. బొగ్గు రేవుల గురించి చదువుతుంటే నాకు ఈ సంగతి కొత్తగా తట్టింది. ఒక రేవు ఏ సరుకు కోసం బతుకుతుంది? ఆ సరుకుని ఎవరు నిర్ణయిస్తారు?

దీనికి మన దగ్గరే ఒక పాత జవాబుంది, రాతి మీద. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి మండపంలో, కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. క్రీ.శ. 1244 నాటిది. అంతకుముందు రాజుల పద్ధతి ఏమిటంటే, తుపానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడలో ఏముంటే అది తమదే. గణపతిదేవుడు ఆ పద్ధతి మానేస్తున్నానన్నాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రంలోకి దిగేవాళ్లని మేం దోచుకోం, సుంకం మాత్రం తీసుకుంటాం అని దాని సారాంశం. ఆ సుంకం ముప్పైకి ఒకటి. కింద సరుకుల పట్టిక: చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు. మిరియాలున్నాయి గానీ మిరపకాయ లేదు. అది అమెరికా ఖండం దాటి మన దాకా రావడానికి ఇంకా రెండున్నర శతాబ్దాలకు పైనే పట్టింది.

ఈ శాసనంలో నాకు నచ్చేది రాజుగారి దయ కాదు, లెక్క. దేనికెంత కట్టాలో, కట్టాక ఏది తనదో వర్తకుడికి ముందే తెలుస్తుంది. ఓరుగల్లులో కూర్చున్న రాజుకి సముద్రం మీద పట్టు ఆ మాటతోనే వచ్చింది. మార్కో పోలో మన రాజ్యాన్ని ‘ముత్ఫిలి’ అని ఈ రేవు పేరుతోనే రాసుకున్నాడు. కాకతీయులు పోయాక, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి అక్కడే మళ్లీ వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. రాజ్యం మారితే మాట మళ్లీ చెప్పాలి మరి.

తర్వాత నిజాంపట్నం వంతు. యూరపు వాళ్లు దాన్ని ‘పెటపోలి’ అన్నారు. 1606లో డచ్చివాళ్లొచ్చారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు ఓడ ముందు ఇక్కడ ఆగి, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్లింది. వాళ్లకి కావలసింది చిరివేరు రంగు వేసిన నూలు బట్ట. అంటే మన పత్తి నేతగాడి చేతిలోంచీ అద్దకంవాడి చేతిలోంచీ వచ్చి, బట్టగా ఓడెక్కేది.

మరి ఈ రేవులేమయ్యాయి? ఇక్కడ ఒడ్డున లోతు తక్కువ. ఓడ దూరంగా లంగరేస్తే, సరుకు పడవల మీద చేరవేయాలి. ఓడలు పెరిగేకొద్దీ ఆ కష్టమూ పెరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి పత్తికి అంతర్జాతీయ మార్కెట్లో ఉన్న పేరేమిటో తెలుసా? ‘కోకనాడా’. గుంటూరు పొలాల్లో పండి, ఎక్కిన రేవు పేరు పెట్టుకుంది. మోటుపల్లికి దగ్గర్లోనే పెదగంజాం దగ్గర మొదలయ్యే బకింగ్‌హాం కాలువ సరుకుని మద్రాసుకి మోసింది. 1899లో బెజవాడ–మద్రాసు రైలు దారి పూర్తయ్యాక ఆ వాలు ఇంకా పెరిగింది. తీరం వెంటే రైలు నడిచింది గానీ, ఈ తీరంలో సరుకు దింపలేదు.

ఇప్పుడు బొగ్గు దగ్గరికొద్దాం. మనకి దక్షిణాన నెల్లూరు జిల్లాలో కండలేరు పాయ దగ్గరున్న కృష్ణపట్నం 2008లో పెద్ద రేవైంది. మొదట్లో ఇనుప ఖనిజం బయటికి, బొగ్గు లోపలికి. 2010లో కర్ణాటక ఖనిజం ఎగుమతులు ఆపేశాక బొగ్గే పెద్ద దిక్కయింది. పక్కనే దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం లేచింది. దాని బొగ్గు కొంత ఒడిశాలో పారాదీప్ దగ్గర ఓడెక్కి వస్తుంది, కొంత విదేశాల నుంచి. 2012లో కంటైనర్ టెర్మినల్ కూడా వచ్చింది. పత్తి, మిర్చి, పొగాకు, రొయ్య అన్నీ దగ్గర్లోనే ఓడెక్కే వీలు దొరికింది.

2020–21లో రేవు అదానీ సంస్థ చేతికి వెళ్లింది. 2024 మొదట్లో కంటైనర్లు తమిళనాడు రేవులకి తరలిపోతున్నాయనీ, ఇక మిగిలేది బొగ్గులాంటి దుమ్ము సరుకేననీ నెల్లూరులో పెద్ద ఆందోళన జరిగింది. వ్యాపారం లెక్కలో దీని తర్కం అర్థమవుతుంది. కరెంటు కేంద్రానికి బొగ్గు ఏడాది పొడుగునా కావాలి. ఓడ నిండుగా వస్తుంది, బెల్టు మీద దిగుతుంది. మిర్చికి సీజనుంటుంది, ధర ఊగుతుంది, వందమంది వర్తకులుంటారు. పైగా బొగ్గు దుమ్ము పక్కన తినే సరుకు పెట్టలేం.

బొగ్గుని తిట్టడం నాకు సులువుగా లేదు. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి రంగు చెడకుండా నిలిచేది కరెంటుతోనే, ఆ కరెంటులో ఎక్కువ పాలు బొగ్గుదే. నా పేచీ వేరు. మోటుపల్లిలో చిన్న వర్తకుడికి కూడా వర్తించే మాట ఒకటి రాతి మీద అందరికీ కనబడేలా ఉండేది. ఇవాళ ఏ సరుకు ఉండాలో, ఏది పోవాలో రైతుకీ వర్తకుడికీ తెలిసేసరికి ఓడలు దారి మార్చేసి ఉంటాయి. రామాయపట్నంలో కొత్త రేవు కడుతున్నారు. దానికి 2019లో ఒకసారి, 2022లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. రెండు శిలాఫలకాల మీదా నాయకుల పేర్లుంటాయి, సరే. పత్తికీ మిర్చికీ అక్కడ చోటుందో లేదో, ఎంత సుంకానికో, ఎన్నేళ్లకో కూడా ఎక్కడైనా రాసిపెడితే బాగుంటుంది.