హెచ్‌బీఏ1సీ: మూడు నెలల చక్కెర లెక్క

రక్తంలో చక్కెర పెరిగేకొద్దీ ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ ఎక్కువగా అతుక్కుంటుంది. ఈ రసాయన చర్యే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఆధారం. ఎర్ర కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి గత రెండు మూడు నెలల సగటు ఇందులో తెలుస్తుంది. 5.7 శాతం లోపు సాధారణం; 5.7-6.4 ప్రీడయాబెటిస్; 6.5, ఆపైన మధుమేహం.

అయితే కణాల ఆయుష్షు మారితే ఈ లెక్క తప్పుతుంది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో ఫలితం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. సికిల్‌సెల్ వ్యాధిలో కణాలు త్వరగా నశిస్తాయి. ఫలితం తక్కువగా వచ్చి మధుమేహం బయటపడకపోవచ్చు. రక్తహీనత విస్తృతంగా, గిరిజన ప్రాంతాల్లో సికిల్‌సెల్ గణనీయంగా ఉన్న భారత్‌లో ఈ ఒక్క అంకె సరిపోదు. అలాంటివారికి పరగడుపున గ్లూకోజ్ పరీక్ష చేసి సరిచూడాలి. అందులో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు.