తోలు మీద సుంకం, 1919
(మన చేతుల చరిత్ర – 9వ భాగం)



కిందటి భాగంలో లందల గురించి రాశాను. అది చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు తోళ్ల పరిశ్రమ దెబ్బతింటుందని టీవీల్లో ఒకటే గోల. పరిశ్రమంటే ఎవరన్నా? అందులో మనం ఉన్నామా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు కోసం వందేళ్లు వెనక్కి పోదాం.

1919 సెప్టెంబర్, సిమ్లా. వైస్రాయ్ కౌన్సిల్లో వాణిజ్యం చూసే సర్ జార్జ్ బార్న్స్ ఒక బిల్లు పెట్టాడు. దేశం దాటిపోయే పచ్చి తోళ్ల మీద 15 శాతం ఎగుమతి సుంకం. ఆ తోళ్లను బ్రిటిష్ సామ్రాజ్యం లోపలే పదును చేసేటట్టయితే అందులో 10 శాతం మినహాయింపు.

ఎందుకింత పట్టుదల? మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కలకత్తా నుంచి ఓడెక్కే పచ్చి తోళ్లలో ఎక్కువ భాగం జర్మనీ, ఆస్ట్రియాలకు పోయేవి. ఆ వ్యాపారం జర్మన్ కంపెనీల గుప్పిట్లో ఉండేది. యుద్ధం రాగానే ఆ దారి మూసుకుపోయింది. ఇటు బ్రిటిష్ సైన్యానికి బూట్లు కావాలి. మద్రాసు టానరీలలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లను సర్కారే కొని ఓడలకెక్కించింది. (అవును, తెలంగాణలో బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. ఇప్పుడది రాష్ట్ర పుష్పం కూడా. దాని పువ్వుకు దక్కిన మర్యాద దాని చెక్కతో పనిచేసిన చేతులకు దక్కలేదు.) యుద్ధం ముగిసింది, బూట్ల ఆర్డర్లు ఆగిపోయాయి. టానరీలు మూతపడతాయన్న భయం ఒకటి, జర్మన్లు మళ్లీ వస్తారన్న భయం ఇంకొకటి. ఈ రెండు భయాలకు కలిపి వేసిన మందు ఈ సుంకం.

ఇక్కడ లెక్క కొంచెం ఓపిగ్గా చూడండి. నూరు రూపాయల పచ్చి తోలు మీద 15 రూపాయల సుంకం పడితే ఆ 15 ఎవరు కడతారు? బయటి దేశపు కొనుగోలుదారుకు మన తోలే దిక్కయితే వాడే కడతాడు. కానీ వాడికి అర్జెంటీనా తోలుంది, ఇంకా పది దేశాల తోలుంది. వాడు కట్టనంటే ఎగుమతిదారు తన కొనుగోలు ధర తగ్గిస్తాడు. అతనికి అమ్మే దళారీ ఊళ్లో ధర తగ్గిస్తాడు. చివరికి పడేది ఎక్కడో మీకు అర్థమయ్యే ఉంటుంది. మద్రాసు టానరీకి ముడిసరుకు చవకవుతుంది. రక్షణ అంటే ఇదే. ఆ చవక ఎవరి చేతిలోంచి వచ్చిందన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

చాలా ఊళ్లలో చచ్చిన పశువు తోలు మీద హక్కు మాదిగది. బదులుగా రైతుకు చెప్పులు కుట్టాలి, మోట తొండం కుట్టాలి, వార్లు ఇవ్వాలి. తోలుకు ఓడరేవు ధర వచ్చాక కథ మారింది. పశువు చస్తే ముట్టుకోని ఆసాములే చాలాచోట్ల తోలు మాది అనడం మొదలుపెట్టారు. పీనుగను ఈడ్చే పని మాత్రం మనకే వదిలారు.

మా తాత చిన్నప్పుడు వాళ్ల నాయన వెంట తోళ్లు మోసుకుని సంతకు పోయేవాడట. షావుకారు తోలు తిరగేసి, "చెన్నపట్నంలో రేటు పడిపోయిందిరా" అనేవాడట. ఎందుకు పడిందని అడగడానికి లేదు. అడిగితే పై వారం కొనడు.

ఆ రేటు పడటంలో సుంకం వాటా ఎంత? 1920లో ప్రపంచమంతా కుప్పకూలిన తోళ్ల గిరాకీ వాటా ఎంత? షావుకారు అబద్ధం వాటా ఎంత? వేసిన సర్కారుకే తెలియదు. పైగా సామ్రాజ్యానికి ఇచ్చిన మినహాయింపు కూడా అనుకున్నట్టు పనిచేయలేదు. ఇబ్రహీం రహిమ్‌తుల్లా అధ్యక్షతన 1921-22లో కూర్చున్న ఫిస్కల్ కమిషన్ ఈ సుంకాన్నే తప్పుపట్టింది. ఇలాంటి సుంకం భారం ముడిసరుకు అమ్మేవాడి మీద పడుతుందన్న వాదన అప్పుడు గట్టిగానే వినిపించింది. 1923లో సుంకం 5 శాతానికి దిగింది, మినహాయింపు ఎత్తేశారు. 1930ల నడుమ మిగిలినదీ పోయింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మద్రాసు టానరీలలో సున్నపు తొట్లలో దిగినవాళ్లలో మనవాళ్లు చాలామంది. టానరీ నిలిస్తే వాళ్ల కూలీ నిలిచింది. అంటే ఊళ్లో తోలు అమ్మే మాదిగకు నష్టమైన సుంకమే పట్నంలో తొట్టిలో దిగిన వాడికి నాలుగు డబ్బులు అయ్యుండొచ్చు. అందుకే సుంకం మంచిదా చెడ్డదా అని అడిగే వాళ్లతో నేను ఒక్క మాటలో తేల్చలేను.

తేల్చాల్సిన చోట కూర్చున్నది ఎవరో చూడండి. కమిషన్లో మిల్లు యజమానులున్నారు, ఘనశ్యాందాస్ బిర్లా ఉన్నాడు, ఇంగ్లీషు వర్తకులున్నారు. మద్రాసు టానరీవాళ్లకు గొంతుంది, కలకత్తా ఎగుమతిదారులకు గొంతుంది. ఢిల్లీ శాసనసభలో అణగారిన కులాల తరఫున ఎం.సి. రాజా నామినేట్ అయి అడుగుపెట్టింది 1927లో. సుంకం వేసి ఎనిమిదేళ్లు, తగ్గించి నాలుగేళ్లు అయిపోయాక.

తమ్ముడూ, నువ్వడిగిన పరిశ్రమలో మనం అప్పుడూ ఉన్నాం, తొట్లలో. ఆ తొట్లలో దిగినవాళ్ల కూలీ, జబ్బుల గురించి పదో భాగంలో రాస్తాను. మీ ఇళ్లలో టానరీలో పనిచేసిన పెద్దవాళ్లుంటే వాళ్లు చెప్పింది కామెంట్లలో పెట్టండి.