పశుగ్రాస విత్తనాల నిద్రావస్థ: వేడినీటి శుద్ధి

తొలకరికి విత్తిన స్టైలో పలుచగా మొలిస్తే రైతు మొదట అనుమానించేది విత్తనపు నాణ్యతను. కానీ చాలాసార్లు గింజలో జీవం ఉంటుంది. నీరే లోపలికి చేరదు. స్టైలో, సుబాబుల్, దశరథ గడ్డి వంటి పప్పుజాతి పశుగ్రాసాల గింజలపై గట్టి పొర నీటిని చొరనీయదు. అకాల వర్షానికి మొలిచి ఎండిపోకుండా మొక్కకు ఇది సహజ రక్షణ. రైతుకు మాత్రం అదను దాటిపోతుంది. విడతలుగా వచ్చిన మొలకలను కలుపు అణచివేస్తుంది.

నూరు గింజలను రాత్రంతా నానబెడితే సంగతి తెలుస్తుంది. ఉదయానికి ఉబ్బకుండా మిగిలినవే గట్టి గింజలు.

వీటికి సులువైన ఉపాయం వేడినీరు. మరిగించిన నీటిని దింపి, సుమారు 80 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాక గింజలను పోసి, 3 నుంచి 4 నిమిషాల తరువాత చన్నీటిలోకి మార్చాలి. సుబాబుల్ గింజలో బొడ్డు సమీపాన ఉండే చిన్న భాగం ఈ వేడికి విచ్చుకొని నీటికి దారి ఇస్తుంది. పొయ్యిమీద మరుగుతుండగానే గింజలను వేసి వదిలేస్తే లోపలి పిండం చనిపోతుంది. ఈ పొరపాటు తరచూ జరిగేదే. కనుక ముందు గుప్పెడు గింజలతో పరీక్షించుకోవాలి.

ప్రయోగశాలల్లో గాఢ గంధకామ్లం కూడా వాడతారు. పొలం వద్ద అది ప్రమాదకరం. కొద్దిపాటి విత్తనమైతే గరుకు ఇసుకతో రుద్దినా చాలు.

శుద్ధి చేసిన గింజలు నిల్వకు పనికిరావు. నీడన ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకనే రైజోబియం పట్టించి వెంటనే విత్తాలి. స్టైలో గింజ చిన్నది. 1 సెంటీమీటరుకు మించి లోతున పడకూడదు.