వెనుక బాల్కనీ క్యాబిన్

విహార నౌక వెనుక కొసన, ఓడ దాటివచ్చిన నీటి వైపు తెరుచుకునే బాల్కనీ గది. సముద్రం చూడటానికి ఓడలో ఇంతకు మించిన చోటు అరుదు. ప్రొపెల్లర్లు చిలికిన తెల్లటి నురుగు దారి కనుచూపు మేర సాగుతుంది. ఓడ నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఇక్కడ అంతగా తగలదు.

గది ఖాయం చేసుకునే ముందు డెక్ ప్లాన్ చూసి తీరాలి. చాలా ఓడల్లో వెనుక భాగం మెట్లు మెట్లుగా ఉంటుంది కాబట్టి కింది అంతస్తుల బాల్కనీలు విశాలంగా ఉంటాయి; కాకపోతే అక్కడ కూర్చున్నవాళ్ళు పైవాళ్ళకు కనిపిస్తారు. కొన్ని ఓడల్లో మూలగదుల బాల్కనీ రెండు వైపులా తిరుగుతుంది. గది నెత్తిన భోజనశాల ఉంటే తెల్లవారేసరికే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. అలల మీద ముందు వెనుకల ఊపు కొసల్లోనే ఎక్కువ; రేవులో ఓడను తిప్పేటప్పుడు అదురు మంచం దాకా వస్తుంది. కడుపులో తిప్పేవారికి నడిమి భాగంలోని కింది అంతస్తే మేలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలతో వెళ్తే లిఫ్టు ఎంత దూరమో ముందే చూసుకోవాలి.

ఇక ఓడ ఎక్కే రేవు సంగతి. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సముద్రానికి దూరం. తెలుగు నేలపై విహార నౌకల రేవు విశాఖపట్నం: 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి అక్కడికి వచ్చింది, 2023లో ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది. గల్ఫ్‌లో స్థిరపడిన ఉత్తర తెలంగాణ కుటుంబాలకు మాత్రం చలికాలంలో దుబాయ్ నుంచి బయలుదేరే ఓడలే అందుబాటు.