సైనికుల చేతి గడియారాలు

తాలూకాఫీసులో గుమాస్తాగా పనిచేసినవారికి ఒక సంగతి తెలుసు. కుర్చీకైనా బీరువాకైనా స్టాకు రిజిస్టరు నంబరు వేయనిదే అది సర్కారు సొత్తు అనిపించుకోదు. సైనికులకిచ్చిన గడియారాలదీ అదే పద్ధతి. పదవీ విరమణ తర్వాత పాత మిలిటరీ వాచీలు సేకరించడం నాకు వ్యాపకమైంది. వాటి గురించి తెలిసిన నాలుగు మాటలు సభ్యుల ముందుంచుతున్నాను.

బ్రిటిషు ప్రభుత్వ సామగ్రికి గుర్తు బాణం ములికి. 1945లో 12 కంపెనీలు ఒకే నిబంధన ప్రకారం ఆ సైన్యానికి చేసిచ్చిన వాచీల వెనుక మూతపై ఆ ములికీ, నంబర్లూ ఉంటాయి. నీటిలో దిగే సైనికుల వాచీలు మరో రకం. వాటిని ఇటలీ నౌకాదళానికి పనెరాయ్ సంస్థ 1930ల చివరలోనూ, ఫ్రెంచి ఈతదళానికి బ్లాంక్‌పాన్ సంస్థ 1953లోనూ సమకూర్చాయి. బ్లాంక్‌పాన్ వాచీకి డయల్ చుట్టూ తిరిగే వలయం ఉంటుంది. దిగేముందు దాని గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడితే, నీటిలో ఎన్ని నిమిషాలు గడిచాయో తెలుస్తుంది. సిలిండరులో గాలి లెక్క దానిమీదే ఆధారపడేది.

అలాంటివి మనవంటివారి చేతికందేవి కావు. మనకు దగ్గరిది బెంగుళూరు. 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో అక్కడ వాచీల తయారీ చేపట్టిన హెచ్.ఎం.టి., సైనికులను ఉద్దేశించి 'జవాన్' తెచ్చింది. 17 రాళ్లది, రోజూ కీ ఇవ్వాలి, నీటిలో మునగడానికి చేసింది కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలోని రిపేరు దుకాణాల్లో నాకు దొరికినవి ఎక్కువగా ఇవే. 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. ఇప్పుడు మామూలు వాచీకి కొత్తగా అచ్చువేసిన డయల్ తగిలించి జవాన్ పేరుతో అమ్మేవారున్నారు. కనుక డయల్ మరీ కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలి.

మాజీ సైనికుల కుటుంబాలకు నా మనవి మూడు మాటలు. డయల్‌కు కొత్త రంగు వేయించకండి. యుద్ధకాలం నాటి వాచీని ఇంట్లో విప్పకండి. చీకట్లో వెలగడానికి పూసింది రేడియం. వెలుగు చచ్చిపోయినా దాని శక్తి సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. ఆ పొడి ఊపిరితో లోపలికి పోవడం ప్రమాదం. మూడోది, అది ఎవరు కట్టుకున్నదో పేరు, నంబరు, దళం, సర్వీసు సంవత్సరాలు ఒక కాగితంపై రాసి డిశ్చార్జి పుస్తకంతో పాటు భద్రపరచండి. పెద్దాయన పోయాక ఆ వివరం చెప్పేవారుండరు. పాత ఇనుముతో పాటు వాచీ కూడా తూకానికి పోతుంది.

ఎవరింట అలాంటి వాచీ ఉన్నా సంఘం ఆఫీసులో కబురు చేయండి. వచ్చి వివరాలు రాసిపెట్టడానికి నేను సిద్ధం.