వెయ్యి ఆరు ఫైళ్లు

యెహోవాసాక్షులనే క్రైస్తవ సంస్థ ఆస్ట్రేలియా శాఖ 1950 నుంచి రాసి దాచుకున్న ఫైళ్లు 2015లో, పిల్లల మీద లైంగిక అఘాయిత్యాలను విచారిస్తున్న ఆ దేశపు రాయల్ కమిషన్ ముందుకు వచ్చాయి. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం చేశారని సంఘంలో ఎవరి మీద ఆరోపణ వచ్చినా వాళ్ల పేరిట ఒక ఫైలు తెరిచారు. అలాంటివి మొత్తం 1,006. వాటిలో కనిపించే బాధితులు కనీసం 1,800 మంది. ఆ వెయ్యి ఆరుగురిలో ఒక్కరి గురించైనా సంస్థ తానుగా పోలీసులకు చెప్పిందనడానికి కమిషన్‌కు ఆధారం దొరకలేదు.

ఈ సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. ఇవి ఆరోపణలు, కోర్టు తీర్పులు కావు. చాలా కేసుల్లో నేరం జరిగింది ఇంట్లోనే కాబట్టి వాటిని సంస్థలో జరిగిన నేరాలుగా లెక్కించకూడదని సంస్థ వాదించింది. పోలీసుల దగ్గరికి వెళ్లే హక్కు బాధితులకు ఎప్పుడూ ఉందని, చట్టం తప్పనిసరి చేసిన చోట తామూ చెబుతామని కూడా అంది. బాధితులో, ఇంటివాళ్లో స్వయంగా ఫిర్యాదు చేసిన కేసులు ఉన్నాయన్నదీ నిజమే. ఈ అభ్యంతరాలన్నిటినీ లెక్కలోకి తీసుకున్నా ఒక అంకె మాత్రం అలాగే నిలబడుతుంది. ఆ వెయ్యి ఆరుగురిలో 579 మంది తప్పు ఒప్పుకున్నారని సంస్థ ఫైళ్లే చెబుతున్నాయి. నిజమో కాదో తేలలేదన్న జవాబు వీళ్ల విషయంలో చెల్లదు.

మరి ఒప్పుకున్నాక ఏం జరిగింది? ఇక్కడే అసలు విషయం ఉంది. ఆరోపణ రాగానే సంఘపెద్దలు విచారణకు కూర్చుంటారు. పెద్దలందరూ పురుషులే. నిందితుడు ఒప్పుకోకపోతే ఇద్దరు సాక్షులు కావాలి. ద్వితీయోపదేశకాండంలోనూ మత్తయి సువార్తలోనూ ఉన్న సాక్షుల నియమమే దీనికి ఆధారం. పిల్లల మీద ఈ నేరం నలుగురు చూస్తుండగా జరగదు కాబట్టి రెండో సాక్షి దొరకడం దాదాపు అసాధ్యం. అలాంటప్పుడు పెద్దలు విషయాన్ని దేవుడికి వదిలేసి లేచిపోతారు. ఒకవేళ రుజువైతే, ఆ మనిషికి పశ్చాత్తాపం ఉందో లేదో తూచి, మందలింపో బహిష్కరణో విధిస్తారు. 401 మందిని బహిష్కరించారు. వాళ్లలో 230 మందిని తర్వాత మళ్లీ సంఘంలో చేర్చుకున్నారు. ఆరోపణ వచ్చిన తర్వాత కూడా 28 మంది సంఘపెద్దలుగానో పరిచారకులుగానో నియామకం పొందారు.

ఈ విచారణ మొదటి నుంచి చివరి దాకా అడిగేది ఒక్కటే: ఇతను పాపం చేశాడా, చేస్తే మారాడా? రేపు ఇతని పక్కింట్లో ఉండే పిల్ల మాటేమిటన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

కమిషన్ ముందు సాక్ష్యం చెప్పిన ఒక మహిళ తన తండ్రి చేతిలోనే నలిగిపోయింది. ఆ తండ్రి కూర్చుని ఉండగా, పురుషులైన పెద్దల ముందు ఆమె జరిగింది చెప్పుకోవలసి వచ్చింది. తండ్రిని బహిష్కరించారు, కొన్నేళ్ల తర్వాత తిరిగి చేర్చుకున్నారు. చాలా కాలానికి ఆమే పోలీసుల దగ్గరికి వెళ్లింది. అప్పుడుగానీ అతనికి కోర్టులో శిక్ష పడలేదు. సంఘానికి తెలిసిన నాటికీ కోర్టు శిక్షించిన నాటికీ మధ్య గడిచిన ఏళ్ల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మనసు కుదుటపడదు.

2015 ఆగస్టు 14న సంస్థ పరిపాలక సభ సభ్యుడు జెఫ్రీ జాక్సన్ వీడియో ద్వారా వాంగ్మూలం ఇచ్చాడు. కమిషన్ తరఫు న్యాయవాది ఆంగస్ స్టీవర్ట్ ఆయన ముందు ఉంచింది బైబిలునే. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో పొలంలో బలాత్కారానికి గురైన యువతి ప్రస్తావన ఉంది. అక్కడ ఆమె కేక వినేవాళ్లు లేరు, రెండో సాక్షి లేడు. అయినా శిక్ష ఆ పురుషుడికే. అలాంటప్పుడు పిల్లల విషయంలో ఇద్దరు సాక్షులు అక్కర్లేదని యేసే చెప్పి ఉండేవాడు కాదా అని స్టీవర్ట్ అడిగాడు. ఆ మాట యేసునే అడగాలని ఉంది, ఇప్పుడు అడగలేను కదా అన్నాడు జాక్సన్. గ్రంథాన్ని నమ్మేవాళ్లకు ఆ గ్రంథంలోనే మరో దారి ఉందని ఈ సంభాషణ చూపిందని నా అభిప్రాయం. అందుకే మొత్తం విచారణలో ఇదే నాకు ముఖ్యమైన ఘట్టం.

ఇంతకూ దీన్ని ‘దాచిపెట్టడం’ అనవచ్చా? కాగితాలు తగలబెట్టినట్టు గానీ, దర్యాప్తుకు అబద్ధం చెప్పినట్టు గానీ పైన చెప్పిన అంకెలు రుజువు చేయవు. నిజానికి అంత ఓపికగా రాసిపెట్టారు కాబట్టే ఇవాళ మనం వాటిని లెక్కపెట్టగలుగుతున్నాం. పెద్దల్లో చాలామంది చిత్తశుద్ధితోనే కూర్చున్నారని నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ విషయం గోప్యంగా ఉంచాలన్న ఆదేశం, ముందు బ్రాంచి కార్యాలయానికి చెప్పాలన్న పద్ధతి, సంఘం మీద నింద రాకూడదన్న భయం, వెలి వేస్తే అయినవాళ్లు కూడా పలకరించరన్న బెదురు, ఇవన్నీ ఒకచోట కలిశాక ఎవరూ కుట్ర పన్నకుండానే నేరం నాలుగు గోడల మధ్య ఉండిపోతుంది. దురుద్దేశం రుజువు కాలేదు, ఫలితం మాత్రం రుజువైంది. నేను అనగలిగింది అంతవరకే.

ఇది ఒక్క మతశాఖకు పరిమితమైన జబ్బు కాదు. అదే కమిషన్ ఆస్ట్రేలియా కాథలిక్ సంస్థలకు 1980 నుంచి 2015 వరకు అందిన ఫిర్యాదులను పరిశీలిస్తే బాధితులమని చెప్పినవాళ్లు 4,444 మందని తేలింది. కమిషన్‌తో ఏకాంతంగా మాట్లాడినవాళ్లు తమకు జరిగింది మొదటిసారి నోరు విప్పి చెప్పడానికి సగటున 23.9 ఏళ్లు పట్టింది. ఇక దాచినవాళ్లను శిక్షించడం ఎంత కష్టమో అప్పటి అడిలైడ్ ఆర్చ్‌బిషప్ ఫిలిప్ విల్సన్ కేసులో చూడవచ్చు. 1970లలో ఒక ప్రీస్టు చేసిన నేరం తెలిసీ చెప్పలేదని 2018 మేలో ఆయన్ను దోషిగా తేల్చారు. అదే ఏడాది డిసెంబరులో అప్పీలు విన్న కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. నలభై ఏళ్ల కిందట ఒకరికి ఏం తెలుసో సందేహానికి తావు లేకుండా నిరూపించడం కుదరలేదు. ఆ కొట్టివేతనూ మనం గౌరవించాల్సిందే.

2017 డిసెంబరులో వచ్చిన కమిషన్ తుది నివేదిక యెహోవాసాక్షులకు మూడు సిఫారసులు చేసింది. పిల్లల కేసుల్లో ఇద్దరు సాక్షుల నియమం వదిలేయాలి. విచారణలో స్త్రీలకు చోటివ్వాలి. అఘాయిత్యానికి గురై సంఘం విడిచి వెళ్లినవాళ్లను వెలివేయకూడదు. బాధితుల కోసం ఆస్ట్రేలియా పెట్టిన పరిహార పథకం 2018 జూలైలో మొదలైతే సంస్థ అందులో చేరడానికి ముందుకు రాలేదు. 2021లో చేరింది, అదీ చేరని సంస్థల ధార్మిక హోదాకు ఎసరు వచ్చేలా ప్రభుత్వం కదిలాక.

తెలుగునాట కూడా యెహోవాసాక్షుల రాజ్యమందిరాలున్నాయి, కావలికోట పత్రిక తెలుగులో వస్తుంది. ఆస్ట్రేలియా ఫైళ్లను బట్టి ఇక్కడి సంఘాల మీద అనుమానం పెంచుకోవడం అన్యాయం. అయితే మన చట్టం ఏం చెబుతోందో గుడి, చర్చి, మసీదు, ఆశ్రమం, హాస్టలు నడిపే ప్రతి ఒక్కరికీ తెలియాలి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పితీరాలి. మతపెద్దలకు అందులో మినహాయింపు లేదు. 21వ సెక్షన్ కింద చెప్పనివాళ్లకు ఆరు నెలల వరకు జైలు, తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పని సంస్థ బాధ్యుడికైతే ఏడాది వరకు. మహారాష్ట్రలోని ఒక హాస్టల్లో గిరిజన బాలికలకు జరిగింది తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఎదుర్కొన్న డాక్టరు మీద కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది.

ఈ చట్టం రెండో సాక్షిని అడగదు. చెప్పినవాళ్లు నేరాన్ని రుజువు చేయాల్సిన పని కూడా లేదు, అది పోలీసుల పని, ఆ తర్వాత కోర్టు పని. పెద్దల సమావేశం ముగిసేదాకా ఆగమని అందులో ఎక్కడా లేదు. సాయం కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయవచ్చు.